ఒక పూట ఆగిన తూము

మొన్న మంగళవారం కాలేజీ ల్యాబులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "లస్కర్ తాతయ్య పోయాడమ్మా. పొద్దున కాఫీ తాగి అరుగు మీద కూర్చున్నాడు. అంతే" అంది. బ్రాడీపేటలో హాస్టలుకు వెళ్లి రెండు జతల బట్టలు సర్దుకుని బస్సెక్కాను. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పోయిన ఏడాది తూము దగ్గర గొడవ జరిగింది కూడా ఇవే రోజుల్లో. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. సాగర్ కాలువ మీద లస్కరుగా, అంటే తూములు ఎత్తుతూ దించుతూ గట్లు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగంలో, జీవితమంతా గడిపాడు. రిటైరయ్యాక మా ఊరి మంచినీళ్ల చెరువును పంచాయతీ వాళ్లు ఆయన చేతిలోనే పెట్టారు. మాది కాలువకు చిట్టచివరి ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్లు. వాటితో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. కాలువ వదిలిన నాలుగు రోజుల్లో చెరువు నింపుకుంటే ఎండాకాలం గడుస్తుంది. లేదంటే ట్యాంకరు ముందు బిందెలు వరసపెట్టుకోవాలి.

తాతయ్య ఎవరింట నీళ్లిచ్చినా ముందు వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, ఆ తర్వాతే మింగేవాడు. "విషం కలిపామనుకున్నావా ఏంది?" అని మా అమ్మ వేళాకోళం చేసేది. "నువ్వు కలపవమ్మాయ్, నీ బిందెకు తెలీకుండా కలిసుంటే?" అనేవాడు. నీళ్లకు ఆయన దగ్గర ఉన్నన్ని మాటలు నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. వానకు వచ్చేవి ఎర్రనీళ్లు. ఒండ్రు దిగాక పైన మిగిలేది తేట. ఉప్పూ తీపీ కానివి చప్పనీళ్లు. కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీల్లో వాటిని రాసుకునేదాన్ని. అవి చూసి ఆయన నవ్వి, "మీ సారుకు చూపించు, మార్కులు వేస్తాడేమో" అనేవాడు.

ఆయన పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉండేది. అందులో వేలెడంత చేపపిల్లలు. రోజూ నూకలు వేసి పెంచేవాడు. కాలువ నీళ్లు వచ్చిన రోజున కొన్ని చేపలను ఒక బకెట్టులో వేసుకుని తూము దగ్గరికి తీసుకెళ్లేవాడు.

ఎందుకంటే, కాలువ ఎండి ఉన్న రోజుల్లో అడుగున అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. మా రైతులు పురుగుమందు కలుపుకునేది ఆ మడుగుల దగ్గరే. డ్రమ్ములు కడిగేదీ, ఖాళీ సీసాలు విసిరేదీ అక్కడే. పైన నీళ్లు వదలగానే ఆ కడుగంతా అన్నిటికంటే ముందు కొట్టుకొస్తుంది. అందుకే మొదటి పూట తాతయ్య తూము ఎత్తేవాడు కాదు. ఆ నీళ్లు చెరువును దాటుకుని వాగులో పడేవి. వాగు వెంట గేదెలు తోలేవాళ్ల ఇళ్లకు ముందురోజే వెళ్లి, రేపు ఇటు తోలకండి అని చెప్పి వచ్చేవాడు. ఆ తర్వాత ఇంకో బకెట్టుతో కాలువ నీళ్లు ముంచి అందులో ఒక చేపను వదిలేవాడు. చేప నిబ్బరంగా తిరిగితేనే తూము లేచేది.

పోయిన ఏడాది వానలు లేవు. శివరాత్రి సెలవులకు నేను ఊళ్లోనే ఉన్నాను. కాలువ వదలడానికి రెండు రోజుల ముందు మా నాన్న మిరపకు ఆఖరి మందు కొట్టి, తూముకు కాస్త పైనున్న మడుగులో డ్రమ్ము కడిగాడు. నేను అన్నం క్యారియరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. "కాలువ వదిలితే కొట్టుకుపోద్దిలే" అన్నాడు. పై ఊళ్ల వాళ్లూ ఇదే మాట అనుకుంటారు. కానీ మా కింద ఇంకో ఊరు లేదు. కొట్టుకుపోయేది మా చెరువులోకే. ఆ సంగతి నాన్నకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున ఎనిమిదింటికి నీళ్లొచ్చాయి. గోధుమరంగు నురగ, దాని మీద తేలుతూ చెత్త. ఊరు సగం గట్టు మీదే ఉంది. తాతయ్య తూము తిప్పే ఇనప హ్యాండిల్‌ను ఊడదీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి బకెట్టులో వేసిన చేప గిరగిరా తిరిగి వెల్లకిలా పడింది.

"ఎండకు సచ్చిందిలే తాతా!" అన్నాడొకడు.

"చేపల్ని అడిగి నీళ్లు తాగే ఊరు మనదొక్కటేరా" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

పదకొండింటికి ఆ నవ్వులు లేవు. పై ఊళ్లలో కాలువకు మోటార్లు వేశారని ఫోన్లు వచ్చాయి. తూము గోడ మీద నీటి మట్టం చూస్తుండగానే రెండు వేళ్ల మేర కిందికి దిగింది. రెండో బకెట్టులో చేప బతికే ఉంది కానీ పైకొచ్చి నోరు తెరుస్తోంది. తాతయ్య తల అడ్డంగా ఊపాడు.

"మధ్యాహ్నానికి కాలువే ఉండదు. అప్పుడు నీ చేపను ఎక్కడ ఈదిస్తావు?" అని అరిచారు. ఒక ముసలామె ఖాళీ బిందెను ఆయన ముందు దబ్బున పెట్టింది. మా నాన్న అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు.

"బాబాయ్, హ్యాండిల్ ఇస్తావా, లాక్కోమంటావా?"

"లాక్కోరా అబ్బాయ్. నీ బలం ముందు నేనెంత? ఆ తర్వాత మొదటి గ్లాసు నీ కూతురికి తాగించు."

నాన్న చెయ్యి గాల్లోనే ఆగింది. నేను తాతయ్య పక్కన కూలబడి చెవిలో చెప్పాను. "తాతయ్యా, మొన్న డ్రమ్ము కడిగింది..."

"తెలుసమ్మా. మడుగులో సబ్బు నురగ కూడా చూశాను" అన్నాడు నెమ్మదిగా. "ఆ పేరు ఇక్కడ ఎత్తమాక. పేరు బయటపడితే అందరూ మనిషి మీద పడతారు, నీళ్ల సంగతి మర్చిపోతారు."

నేను లేచి నాన్న చెయ్యి పట్టుకుని తుమ్మచెట్టు దాకా లాక్కెళ్లాను. ఏం చెప్పానో మాటలుగా గుర్తులేదు. మడుగు అన్నాను, డ్రమ్ము అన్నాను, తాతయ్యకు తెలుసన్నాను. నాన్న నా ముఖంలోకి చూడలేదు. కాలువ వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వెళ్లి, జనానికీ తాతయ్యకూ మధ్యలో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏందిరా, నువ్వు కూడానా?" అన్నారు.

"ఇంకో బకెట్టు చూద్దాం. అందాకా ఎవరూ ఇటు రావద్దు" అన్నాడు.

రెండు గంటలకు మూడో బకెట్టు ముంచింది మా నాన్నే. అందరం వంగి చూశాం. చేప అడుగుకు వెళ్లింది, అంచు వెంట ఒక చుట్టు తిరిగింది, మరో చుట్టు తిరిగింది. తాతయ్య వంద అంకెలు పైకే లెక్కపెట్టి, హ్యాండిల్ నాన్న చేతికిచ్చాడు.

ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదేనా అంటే నేను గట్టిగా చెప్పలేను. మర్నాడు సాయంత్రానికే కాలువలో నీళ్లు పడిపోయాయి. చెరువు సగం కూడా నిండలేదు. మే నెలలో ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు ఆయన్ని తిట్టినంతగా ఎవర్నీ తిట్టలేదు. ఆయన మాత్రం మా అరుగు మీద కూర్చుని, "ఆ పూట నీళ్లు పోయింది నిజమే కదమ్మా, తిట్టనీ" అనేవాడు. డ్రమ్ము విషయం చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. మొన్న పాడె మోసిన నలుగురిలో మా నాన్న ఒకడు. ఎవరైనా భుజం మార్చుకుంటామంటే ఒప్పుకోలేదు.

తాతయ్యను తలుచుకుంటే నాకు తిట్లూ, అరుపులూ గుర్తురావు. తూము లేచిన తర్వాతి గంట గుర్తొస్తుంది. జనం గట్టు మీద కేకలు వేస్తున్నారు. ఆయన మాత్రం ఎండిన చెరువులోకి దిగాడు. పగుళ్లిచ్చిన నేల మీద నీళ్లు నాలుక చాచినట్టు మెల్లగా పాకుతున్నాయి, ఒక్కో పగులు గుటకలు వేస్తూ తాగుతోంది. వాటికి రెండడుగుల ముందు, పంచె పైకి దోపుకుని, భుజాన గోనెసంచితో ఆయన వంగి నడుస్తున్నాడు. ప్లాస్టిక్ కవర్లు, తెగిన చెప్పులు, ఎండిన కంప ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తున్నాడు. నీళ్లు వచ్చి మడమలను తాకేవి. ఆయన వెనక్కి చూడకుండా ఇంకో రెండడుగులు ముందుకు వేసేవాడు.