లాయరు చంద్రిక గారి ఆస్థాన దోషి

ఇమిగ్రేషన్ లాయరు చంద్రికకు ఒక అలవాటుంది. అమెరికాలో ఎవరు ఏ వీసా తప్పు చేసినా సరే, వీడియోలో దాన్ని తెచ్చి మొగుడి నెత్తిన రుద్దుతుంది.

ఆ మొగుడు వీరాంజనేయులు. ఒక్క సంగతి ముందే తేల్చి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క తేదీ మరిచిపోలేదు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరుల తప్పులు పట్టుకోవడం. ఇంటికొచ్చాక చేసేదీ అదే. పాల డబ్బా మీద ఎక్స్‌పైరీ చూడకుండా కాఫీ కలపనివ్వడు. సిటిజెన్‌షిప్ వచ్చి పదకొండేళ్లయినా పాత వీసా కాగితాలన్నీ వరస తప్పకుండా ఫైల్లో దాచుకున్నాడు. అలాంటి మనిషిని పట్టుకుని ఊరంతా అప్రయోజకుడంటుంటే ఒళ్లు మండదా మరి!

ఐసెలిన్‌లో, మనవాళ్ల షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు మీద, చీరల షాపు పైన చంద్రిక ఆఫీసు. పొద్దున్న కూర్చుంటే ఫోన్లు, ఫైళ్లు, మళ్లీ ఫోన్లు. "సోషల్ మీడియాలో కనిపించకపోతే మీరు లేనట్టే మేడమ్, వారానికి పది గంటలు కేటాయించండి" అంది సంహిత అనే మార్కెటింగ్ అమ్మాయి.

"నా దగ్గర రోజుకి రెండు నిమిషాలున్నాయి. మైక్రోవేవ్‌లో అన్నం వేడయ్యే టైం."

"స్క్రిప్ట్, లైటింగ్, ఎడిటింగ్..."

"అన్నం చల్లారిపోతుందమ్మా."

సంహిత మళ్లీ కనిపించలేదు. చంద్రిక మాత్రం ఆ రోజు నుంచీ మైక్రోవేవ్‌లో డబ్బా పెట్టి, ఫోను కాఫీ మెషీన్‌కి ఆనించి, దాని బటనూ వీడియో బటనూ ఒకేసారి నొక్కుతోంది. "నమస్తే, నేను లాయర్ చంద్రికని. మా ఆయన ఏం చేశారో తెలుసా?" అని మొదలుపెడుతుంది. టింగ్‌మనగానే వాక్యం సగంలో ఉన్నా ఆపేస్తుంది. జనం ఎగబడి చూస్తున్నారు.

ఇల్లు మారి గవర్నమెంటుకి అడ్రసు చెప్పనిది మా ఆయన. అప్లికేషన్ నడుస్తుండగా నయాగరా చూడ్డానికని కెనడాలోకి దాటేసింది మా ఆయన. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని స్విమ్మింగ్ పూల్‌లో దిగింది మా ఆయన. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లికి గడువు పొడిగించడం మరిచిపోయిందీ ఆయనే.

"మా అమ్మ విమానమంటేనే భయపడుతుంది. ఈ దేశం ఎప్పుడొచ్చింది?" అని అరిచాడు వీరాంజనేయులు.

"క్లయింట్ల సంగతులు బయట పెట్టకూడదండీ. అది ఎథిక్స్."

"మొగుడి సంగతులో?"

"మీరు క్లయింట్ కాదుగా."

"పోనీ ఎవరో ఒకాయన అనొచ్చుగా!"

"కొత్త మనిషిని కల్పించడానికి టైమెక్కడిది? మీరు రెడీగా ఉన్నారు."

ఇక బయట తలెత్తుకునే రోజు పోయింది. కూరగాయల దగ్గర ఒకావిడ బెండకాయలు వదిలేసి వచ్చి, "ఇప్పుడంతా సెటిలైందా అన్నయ్యా?" అని జాలిగా అడిగింది. బిల్లింగ్ క్యూలో ఓ పన్నెండేళ్ల పిల్ల, "అంకుల్, మీరు పాస్‌పోర్ట్ పూల్‌లో డ్రాప్ చేశారు, రైట్?" అంది.

"నాకు ఈతే రాదమ్మా!" అన్నాడు వీరాంజనేయులు.

"సో శాడ్," అంది ఆ పిల్ల.

ఇవన్నీ ఎలాగో మింగాడు. తెలుగు అసోసియేషన్ మీటింగులో జరిగింది మాత్రం మింగుడు పడలేదు. తొమ్మిదేళ్లుగా అక్కడ క్యాలెండర్ పని ఆయనది. హాలు బుకింగులు, పిల్లల పోటీలు, పర్మిట్లు, ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. ప్రెసిడెంటు కృష్ణకుమారి గొంతు సవరించుకుని, "ఏమీ అనుకోకండి అన్నయ్యా, ఈసారి డేట్లు శశికాంత్‌కి ఇద్దామనుకుంటున్నాం. మీకు డేట్లంటే... చంద్రిక గారు చెబుతుంటారు కదా," అంది.

శశికాంత్ ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉండే, హెచ్-1బి వీసా మీద పనిచేసే కుర్రాడు. "నేను చూస్కుంట అంకుల్, మీరు టెన్షన్ పడకుండ్రి," అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. తొమ్మిదేళ్ల చాకిరీకి దక్కిన సన్మానం అది!

ఇంటికి రాగానే వీరాంజనేయులు తీర్పు చెప్పాడు. "శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకొస్తా. 'మా ఆయన జన్మలో ఏ తప్పూ చేయలేదు' అని నా ఎదురుగా వీడియో తియ్యాలి. నా క్యాలెండర్ నాకు రావాలి. సాక్ష్యానికి ఫైలు తెస్తా."

"రండి. వస్తూ అన్నం డబ్బా కూడా తెండి, నేను మరిచిపోతుంటా," అంది చంద్రిక.

శుక్రవారం ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో డబ్బా పట్టుకుని వెళ్లేసరికి చంద్రిక తలుపేసుకుని ఫోన్లో ఉంది. ముందు గదిలో టోపీ కళ్లదాకా లాక్కుని ఒకడు కూర్చున్నాడు. శశికాంత్.

"అంకుల్, నేను ఈడికొచ్చినట్టు ఎవ్వరికీ చెప్పకుండ్రి," అన్నాడు లేచి నిలబడి.

"ఏమైంది?" అన్నాడు వీరాంజనేయులు పక్క కుర్చీలో కూర్చుంటూ.

"ఇండియా నుంచి వచ్చేటప్పుడు నా పాస్‌పోర్టు ఎక్స్‌పైరీ దగ్గరుండె. వీసా పేపర్ల ఇంకా రెండేండ్లున్నయ్ కదా అని నేను పట్టించుకోలే. ఎయిర్‌పోర్టుల ఆఫీసర్ పాస్‌పోర్టు డేట్ దాకనే ఈడ ఉండనీకి పర్మిషన్ ఇచ్చిండు. మీరు గూడ గిట్లనే చేసిండ్రని మేడమ్ వీడియోల చెప్తుంటే నవ్వుకుంట నాది తీసి చూసుకున్న. ఇయ్యాల్టికి ఇంక ఇరవై రోజులే ఉన్నయ్."

"ఎప్పుడు చూసుకున్నావు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలా! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావయ్యా?"

"సిగ్గు, అంకుల్. ఆఫీసుల, అసోసియేషన్ల, అందరి డేట్లు చూసేటోన్ని నేనే. నా డేట్ నేనే చూసుకోలేదని ఎవరికి చెప్పాలె? మా ఆవిడకి గూడ చెప్పలే. అసోసియేషన్ల తొమ్మిదేండ్లు ఒక్క డేట్ తప్పని మనిషి మీరు, మీకే అయిందంటే నేను పోయి అడగొచ్చులే అనిపించింది." టోపీ కాస్త పైకి జరిపి, "నిజంగ మీరు చేసిండ్రా అంకుల్?" అన్నాడు.

ఏడాదిగా వీరాంజనేయులు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. తన నిజాయితీకి సాక్ష్యం ఒళ్లో ఫైల్లోనే ఉంది. తెరిస్తే చాలు.

ఆయన ఫైలు మీద డబ్బా పెట్టాడు.

"చేశాను," అన్నాడు. "ఒకసారి కాదు. రెండుసార్లు."

"రెండుసార్లా!" శశికాంత్ ముఖం విప్పారింది. తన మూర్ఖత్వం ఒకరికి ఇంత సంతోషం ఇస్తుందని వీరాంజనేయులు ఎన్నడూ అనుకోలేదు.

చంద్రిక తలుపు తీసి శశికాంత్‌ని లోపలికి పిలిచింది. తత్కాల్‌లో కొత్త పాస్‌పోర్టు తీసుకుని కంపెనీ చేత ఎక్స్‌టెన్షన్ వేయిస్తే సరిపోతుందని, ఇరవై రోజులు చాలని చెప్పి, తన ఎదురుగానే కంపెనీకి ఫోన్ చేయించింది. బయటికొచ్చేసరికి వాడి తల మీద టోపీ లేదు.

"అంకుల్, క్యాలెండర్ మీరే తీస్కోండ్రి. నేను కృష్ణకుమారి ఆంటీతో మాట్లాడుత."

వీరాంజనేయులు ఫైలు చంకలో ఇరికించుకున్నాడు. "వద్దులే. నీ దగ్గరే ఉండనీ. కాస్త తేదీలు చూసుకోవడం అలవాటవుతుంది."

వాడు వెళ్లాక చంద్రిక, "నెలకి ఐదారుగురొస్తారండీ," అంది. "'మీ ఆయన చేసిందే నేనూ చేశా మేడమ్' అంటూ కూర్చుంటారు. ఇదివరకైతే సిగ్గుతో దాచుకుని, గడువు దాటాక ఏడుస్తూ వచ్చేవాళ్లు. అప్పుడు నేను మాత్రం ఏం చేయగలను?"

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా! ఏడాది నుంచి ఊరంతా కోపంతో ఊగిపోతూ తిరుగుతున్నా!"

"అందుకేగా అందరూ నమ్మారు. మీకు చెబితే నవ్వుతూ తిరిగేవాళ్లు. మన మార్కెటింగ్ మొత్తం మీ కోపం మీదే నడుస్తోంది."

చంద్రిక డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టి ఫోను సర్దింది. "మాటిచ్చాను కదా. మా ఆయన ఏ తప్పూ చేయలేదని చెప్పాలి, అంతేగా?"

"జరుగు," అన్నాడు వీరాంజనేయులు. చొక్కా కాలరు సరిచేసుకుని, ఫోను ముందు నిటారుగా నిలబడ్డాడు.

"నమస్కారం. మీరందరూ వింటున్న ఆ మొగుణ్ణి నేనే. ఈ వారం నేను చేసిన తప్పు ఏమిటంటే..."

అక్కడ ఆగి, భార్య వైపు తిరిగి మండిపడ్డాడు.

"చెప్పవేం? ఈ వారం ఏం చేశాను నేను? కాస్త గౌరవమైన తప్పు ఇవ్వు!"