గారె లేని విస్తరి

మాది ఆమదాలవలస. ఫోన్లో ప్రకటన పదేపదే చూసి, చేతిలో ఇమిడే బుల్లి మిక్సీ కొన్నాను. ఇక దేనికని మా రుబ్బురోలు పక్కింటికి ఇచ్చేశాను.

మామగారి తద్దినం నాడు నానిన మినపపప్పు ఆ మిక్సీలో వేశాను. గారెల పిండికి నీళ్లు పోయకూడదు కదా, పోయలేదు. రెండు తిప్పులకే కమురు వాసన కొట్టి ఆగిపోయింది. పంతులుగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పక్కింటికి పరుగెత్తాను. మా రోట్లో వాళ్ల కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. పోనీ వాళ్ల మిక్సీ అడుగుదామంటే, నీసు తగిలింది తద్దినానికి పనికిరాదు.

"గారెల కోసమే మీ మావ వస్తాడే. ఏటి పెడతావిప్పుడు?" అంది మా అత్త.

గారె లేకుండానే విస్తరి వేశాం. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

ఈ ఏడు పెద్ద మిక్సీ కొన్నాను. గారెలు బాగానే వచ్చాయి. అవి అత్త తద్దినానికి.