నలుగురిలో నడుమ ఎవరూ ఉండరు

2023 ఫిబ్రవరి. పద్మారావు నగర్‌లో మా స్టూడియో ఉన్న సందులోకి మధ్యాహ్నం మూడింటికల్లా నీడ వచ్చేస్తుంది. పాస్‌పోర్ట్ ఫోటోల వాళ్లు పొద్దున వస్తారు, పెళ్లి ఆల్బమ్‌ల వాళ్లు సాయంత్రం వస్తారు, ఆ మధ్యలో నేను లెన్సులు తుడుచుకుంటూ కూర్చుంటాను. అలాంటి ఖాళీ వేళలో ఒకామె వచ్చి స్టూల్ మీద కూర్చుంది. "మా ముగ్గురికీ కలిపి ఒక ఫోటో కావాలి మేడమ్. కానీ ముగ్గురం కలిసి కూర్చోకూడదు" అంది.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నాన్న దగ్గర నేర్చుకుని, ఆయన తర్వాత స్టూడియో నేనే నడుపుతున్నాను. ఏడ్చే పిల్లలనూ, నవ్వని మామగార్లనూ, కళ్లు మూసే పెళ్లికూతుళ్లనూ తీశాను గానీ ఇలాంటి ఆర్డర్ ఎప్పుడూ రాలేదు. ముందు నవ్వొచ్చింది. తర్వాత, సంగతేంటో తెలుసుకుంటే తప్ప ఆమెను పంపకూడదనిపించింది.

ఆమె పేరు లలిత. ముప్పై నాలుగేళ్లు, బేగంపేటలో ఒక ఆఫీసు ఫ్రంట్ డెస్క్‌లో పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సైనిక్‌పురిలో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తల్లి అప్పలనరసమ్మ, చెల్లెలు దివ్య, తను. ముగ్గురు కలిసి ఫోటో దిగితే నడుమ నిలబడ్డ మనిషికి కీడు అనే మాట మనలో చాలా ఇళ్లలో వింటాం, విని నవ్వేస్తాం. వాళ్లింట్లో నవ్వే పరిస్థితి లేదు. లలిత తండ్రి ఇద్దరు స్నేహితుల నడుమ నిలబడి ఒక ఫోటో దిగి, ఏడాది తిరక్కుండా పోయాడు. అప్పటినుంచి పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ముగ్గురూ ఒక ఫోటోలో లేరు. తన ఫోన్ తీసి చూపించింది. అమ్మా చెల్లెలూ, అమ్మా తనూ, తనూ చెల్లెలూ. ప్రతి దాంట్లోనూ మూడో మనిషి ఫోన్ పట్టుకున్న మనిషే.

మరి ఇప్పుడెందుకని అడిగాను. ఆమె ఎడమ దవడ మీద వేలు పెట్టింది. అక్కడ చిన్న వాపు ఉంది. రాగానే చూశాను గానీ చూడనట్టే ఉన్నాను, అది మా వృత్తి మర్యాద. లోపల గడ్డ ఉందట. క్యాన్సర్ కాదట గానీ పెరుగుతోందట. దవడ ఎముకలో కొంత తీసేసి కాలి ఎముక అతికిస్తారట. ఆపరేషన్‌కు ఇంకా పద్నాలుగు రోజులుంది.

"తర్వాత ముఖం ఎలా ఉంటుందో డాక్టర్ కూడా కచ్చితంగా చెప్పట్లేదు మేడమ్. ఈ ముఖంతో మా ముగ్గురి ఫోటో ఒక్కటి ఉండాలి."

మా నాన్న కాలంలో ఇలాంటి వాళ్లు వస్తే చేతికి ఒక బొమ్మో పూలకుండీనో ఇచ్చి, అదిగో నాలుగోది అనేవాడు. ఆ ఉపాయమే ఫోన్‌లో అప్పలనరసమ్మగారికి చెప్పాను. బొమ్మకి ఏటవుద్దమ్మా, ప్రాణం ఉన్నదైతేనే లెక్క అందామె. పోనీ పక్కింటావిడని కూర్చోబెడదామని ఆమే అంటే లలిత ఒప్పుకోలేదు. జీవితాంతం చూసుకోవాల్సిన ఫోటోలో పక్కింటావిడ ఏమిటని చిరాకు పడింది. అది న్యాయమే.

అప్పుడు నా తెలివి ఉపయోగించాను. కాంపోజిట్ అని ఒకటుంది. కెమెరాను స్టాండ్ మీద కదలకుండా బిగించి, ఒకే వెలుతురులో ఒక్కొక్కరిని విడివిడిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో కలపడం. కలిసి కూర్చోలేదు కాబట్టి తల్లికి అభ్యంతరం లేదు. వాళ్లింటికి వెళ్లి, పడకగదిలో కిటికీ పక్కన ఒక్కొక్కరినే మంచం మీద కూర్చోబెట్టాను. వెనకున్న బీరువా అద్దం మీద నా చున్నీ కప్పాను, ఎందుకంటే ఫోటోగ్రాఫర్‌కు అద్దాన్ని మించిన శత్రువు లేదు. లైటు, స్టాండు, మన పొట్ట, అన్నీ అందులో పడతాయి. లలిత వాపున్న వైపు కాస్త నీడలోకి తిప్పాను. కళ్లు, గడ్డం, భుజాలు అన్నీ పద్ధతిగా కుదిరాయి. మూడు రోజులు కూర్చుని అతుకు తెలియకుండా కలిపి, ప్రింట్ తీసి ఇచ్చాను.

లలిత చాలాసేపు చూసింది. "చాలా బాగుంది మేడమ్. కానీ చెల్లి భుజం ఫోటోలో నాకు తగిలింది గానీ, నాకు తగల్లేదు కదా" అంది.

ఒళ్లు మండింది. మూడు రోజుల పని! ఆమె వదిలేసి వెళ్లిన ప్రింట్‌ను కౌంటర్ మీద బోర్లా పెట్టేశాను. సాయంత్రం మళ్లీ తిప్పి చూస్తే ఆమె మాటే నిజం. మనిషి పక్కన మనిషి కూర్చుంటే చీర కుచ్చిళ్లు నలుగుతాయి, ఒకరి బరువు ఇంకొకరి మీద పడుతుంది, తల తెలియకుండానే అటు వాలుతుంది. నా ఫోటోలో ఎవరి తల వాళ్ల మీదే ఉంది. మూడు పాస్‌పోర్ట్ ఫోటోలను జిగురుతో అతికించాను, అంతే. గ్రూప్ ఫోటో బాగుందో లేదో తెలియాలంటే ముఖాలు కాదు, మనుషులు ఒకరికొకరు తగిలే చోట్లు చూడాలని ఇరవై రెండేళ్ల తర్వాత ఒక క్లయింట్ నాకు నేర్పింది.

ఆపరేషన్ ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా ఆదివారం పొద్దున మళ్లీ వెళ్లాను. ఏం చేయాలో తెలియకుండానే వెళ్లాను. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కెమెరాలో సైలెంట్ మోడ్ పెట్టాను, అంటే నొక్కినా చప్పుడు రాదు. "లైట్ ఎట్ల పడుతుందో చూస్త పెద్దమ్మా, జెర ముగ్గురూ దగ్గరికి కూర్చోండి, ఫోటో తియ్యను" అన్నాను. పెద్దామె నమ్మి ఇద్దరు కూతుళ్ల నడుమ కూర్చుంది. దివ్య ఏదో అంటే లలిత తల్లి భుజం మీద వాలి నవ్వింది. నొక్కేశాను.

తెరమీద చూసుకున్నాను. అద్దం మీద మళ్లీ కప్పిన చున్నీ ఫ్యాన్ గాలికి జారిపోయింది. ముగ్గురి వెనక బీరువా అద్దంలో నేను నిలువునా ఉన్నాను, కెమెరా ముఖానికి అడ్డం పెట్టుకుని. చెరిపేద్దామని వేలు పెట్టేలోపే దివ్య వచ్చి తొంగి చూసింది. ఆ వెంటనే తల్లి కూడా లేచి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"అడక్కుండా తీసీసేవా అమ్మా?" అందామె.

అరవలేదు. అరిచినా బాగుండేది. తప్పయింది పెద్దమ్మా, ఇప్పుడే తీసేస్తా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. దివ్యను కళ్లజోడు తెమ్మంది. పెట్టుకుని, తెర మీద వేలుతో మెల్లగా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. వేలు అద్దం దగ్గర ఆగింది. ఇదెవరని అడిగింది. నేనే అన్నాను. ఇంకోసారి మొదటినుంచి లెక్కపెట్టింది.

"నలుగురైతే నడుమ ఎవురూ ఉండరు కదా" అంది. ఎవరితో అందో తెలియదు. తర్వాత నావైపు తిరిగి, "మొకం కనపడితేనే లెక్క. ఆ డబ్బా అడ్డం తియ్యి" అంది.

చూడండి నా గతి. ఆధార్ కార్డు మీది తప్ప నా ఫోటో అంటూ నా దగ్గర లేదు. ఎవరైనా కెమెరా ఎత్తితే పక్కకు తప్పుకునే మనిషిని. నేను తీసేదాన్ని కదా, నాకెందుకని అంటుంటాను, అసలు సంగతి భయం. కెమెరాను స్టాండ్ మీద పెట్టి, రిమోట్ చేతిలో పట్టుకుని, అద్దంలో కనపడే చోటు చూసుకుని నిలబడ్డాను. మామూలుగా అపర్చర్ బాగా తెరిచి, అంటే లెన్సు కన్ను పెద్దది చేసి, వెనక ఉన్నదంతా మసకబారేలా తీస్తాను. ఆరోజు దాన్ని చిన్నది చేయాల్సి వచ్చింది, లేకపోతే నేను మసకైపోతాను, పెద్దామె లెక్క తప్పుతుంది. వాపు సంగతి ఎత్తితే లలిత ఈసారి దాచొద్దంది. ముఖం నిండా కిటికీ వెలుతురు పడేలా కూర్చుంది.

ఇక నా అవస్థ. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియదు. నవ్వుదామంటే బుగ్గలు బిగుసుకుపోయాయి. జుట్టు సరిగుందా అని రెండుసార్లు అడిగాను. చెప్పేటందుకే నీతులు అంటే ఇదే. లలిత నన్ను తేరిపార చూసింది. వారం కింద నేను ఆమెకు చెప్పిన మాటలన్నీ ఒక్కటీ మర్చిపోకుండా నాకే అప్పజెప్పింది.

"గడ్డం కొంచెం ముందుకు పెట్టండి మేడమ్. భుజాలు దించండి. ఊపిరి పట్టుకున్నారు, వదలండి."

దివ్య పడీ పడీ నవ్వింది. పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లలిత దవడ వాపుతో సహా ముఖమంతా విప్పి నవ్వి, చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. నేను రిమోట్ నొక్కింది ఆ క్షణంలోనే. ఆ ఫోటోలో దేన్నీ సరిచేయలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. అప్పలనరసమ్మగారు. లలితను లోపలికి తీసుకెళ్లారేమోనని ఆత్రంగా ఎత్తాను. ఆమె కూతురి మాటే ఎత్తలేదు.

"నువ్వు బాగున్నావా తల్లీ? జొరం గిరం ఏటీ లేదు కదా?"

"లేదు పెద్దమ్మా, మంచిగనే ఉన్న."

"ఈరోజు బండి మీద తిరక్కు" అని పెట్టేసింది.

నాలుగోదాన్ని నేను బాగుంటేనే ఆమె లెక్క నిలుస్తుందన్నమాట. నాకు అలాంటి నమ్మకాలు లేవు. ఆరోజు బేగంపేటలో ఒక హోటల్ వాళ్ల సిబ్బంది ఫోటోలు తీసే పని ఉంది. వాళ్లకు ఫోన్ చేసి మరునాటికి మార్చాను. స్కూటీ తాళం కౌంటర్ సొరుగులో పడేసి, సాయంత్రం దాకా స్టూడియోలోంచి కదల్లేదు. సందు దాటి టీ తాగడానికి కూడా వెళ్లలేదు. ఆరున్నరకు దివ్య ఫోన్ చేసి, అయిపోయింది, అక్క కళ్లు తెరిచింది అని చెప్పింది. కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చాను.

పోర్ట్రెయిట్ బాగా రావాలంటే ఏం చేయాలని కుర్ర ఫోటోగ్రాఫర్లు అడుగుతుంటారు. వెలుతురు గురించీ లెన్సుల గురించీ చెబుతాను, అవీ అవసరమే. కానీ ముందు వాళ్లను స్టూల్ మీద కూర్చోబెట్టి ఫోటో తీస్తాను. అటువైపు ఎలా ఉంటుందో తెలియనివాడు ఇటునుంచి ఎదుటివాడిని నవ్వమని అడగకూడదు. నాకది తెలియడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

ఎనిమిది నెలల తర్వాత లలిత వచ్చింది. ఆఫీసు ఐడీ కార్డుకు కొత్త ఫోటో కావాలంది. దవడ ఒకవైపు కొంచెం లోపలికి పోయింది, మాట కాస్త నెమ్మదించింది. లైట్ వేసి, స్టూల్ సర్ది, కూర్చోమన్నాను. కూర్చోలేదు. కెమెరా ఇమ్మని నావైపు చెయ్యి చాపింది.

"ముందు మీరు కూర్చోండి మేడమ్" అంది.

కూర్చున్నాను. గడ్డం ముందుకు పెట్టాను, ఊపిరి వదిలాను.