నలభై నిమిషాల దూరం

మాది పేరుకే విమానాశ్రయం. ఒక రేకుల షెడ్డు, ఒక రన్‌వే, పదిమంది పట్టే బుల్లి విమానం. అంత చిన్న విమానంలో సామాన్లనే కాదు, మనుషులనూ తూచి ఎక్కించాలి. ఆ పని చేసేది కాబట్టి ఆమెను అందరం తూకమక్క అనేవాళ్లం. ఎంతటి పెద్దమనిషి వచ్చినా మొహమాటం లేకుండా కాటా ఎక్కించి, "ఊపిరి బిగబడితే బరువు తగ్గదు బాబూ, వదిలెయ్" అనేది.

కొండల అవతలి విమానాశ్రయం మా దానికన్నా చిన్నది. విమానంలో నలభై నిమిషాలు. బస్సులో అయితే కొండలన్నీ చుట్టుకుని రెండు రోజులు. అక్కడ రన్‌వే పక్కనే తూకమక్క చెల్లెలి ఇల్లు. తల్లి పోయాక ఆ పిల్లను చంకనేసుకుని పెంచింది ఈమే. కానీ చెల్లెలి పెళ్లయ్యాక వెళ్లి చూసొచ్చింది తక్కువ. ఎందుకమ్మా అంటే, "నలభై నిమిషాలే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఒక సోమవారం పొద్దున్నే మరిది ఫోన్ చేశాడు. చెల్లెలి గుండె బాగా దెబ్బతింది, డాక్టరు చేతులెత్తేశాడు, అక్కను చూడాలని ఒకటే కలవరిస్తోంది. బయట పొగమంచు కమ్మేసి ఉంది. తూకమక్క చెల్లెలితోనే మాట్లాడింది.

"ఏడవకే పిచ్చిమొద్దూ. మంచు కాస్త విడితే చాలు, నలభై నిమిషాల్లో నీ పక్కనుంటా."

కాసేపటికి బస్సు డ్రైవరు షెడ్డు ముందు ఆపి, "రా అక్కా, రేపు సాయంత్రానికి దింపేస్తా" అని పిలిచాడు.

"నువ్వు ఆ మొదటి కొండ దిగేసరికి నేను అక్కడుంటాను, పో" అందామె.

విమానాల దగ్గర బతికేవాళ్ల కంటికి బస్సు ఆనదు. ఎదురుగా విమానం సిద్ధంగా ఉంది, పైలట్ ఉన్నాడు, ఇంక రెండు రోజుల దారి ఎవరు పట్టుకుంటారు? సంచి ఒళ్లో పెట్టుకుని ఆ కాటా మీదే కూర్చుంది. మధ్యాహ్నానికి విడుతుందన్నారు, విడలేదు. మంగళవారమూ అంతే. ఆ సాయంత్రం ఆమె లేచి షెడ్డు బయటికి నడిచి, ఆ సోమవారం బస్సు వెళ్లిన దారి వైపు చూస్తూ నిలబడింది. బుధవారం పొద్దున చెల్లెలు పోయిందని ఫోను వచ్చింది.

గురువారం ఆకాశం కడిగినట్టు తేటపడింది. ఆమెను నేనే చెయ్యి పట్టి విమానం ఎక్కించాను. ఆరోజు ఆమెను తూచడానికి ఎవరికీ మనసొప్పలేదు.

తర్వాత ఏం జరిగిందో ఆమే చెప్పింది. ఇంట్లోకి అడుగు పెడుతూనే కూలబడి, "బస్సెక్కినా మంగళవారానికే వచ్చేదాన్ని, నా బుద్ధి గడ్డి తిన్నది" అని తల బాదుకుందట. చెల్లెలి గదిలో చలి కొరికేస్తోంది. మంచం పక్క కిటికీ బార్లా తెరిచి ఉంది. ఒంట్లో బాగాలేని మనిషి దగ్గర కిటికీ తెరిచి ఉంచారేమని మరిదిని అడిగింది.

"మూయనిస్తే కదా వదినా," అన్నాడతను. "విమానం చప్పుడు వినపడదని, చివరిదాకా తెరిచే ఉంచమంది."