ఒక పాట అయ్యేంతసేపు సుఖం

ఆ టైపింగ్ ఆఫీసులో ఆమెను అందరూ ఒంటిచెవి అక్క అనేవారు. అలాగని చెవిటిది కాదు. హెడ్‌ఫోన్‌ను కుడిచెవికే పెట్టుకుని, ఎడమవైపు కప్పును వెనక్కి నెట్టి జుట్టుముడి మీద ఆనించుకునేది. ఏళ్ళ తరబడి అలా కూర్చోవడం వల్ల ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఆమె తల కాస్త పక్కకు వాలే ఉండేది.

ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక ఫోన్లో నాలుగు మాటలు గొణిగి పంపిస్తారు. ఆ గొణుగుడును రిపోర్టుగా టైపు చేయడం అక్కడి ఆడవాళ్ళ పని. డాక్టర్లు మెట్లెక్కుతూ మాట్లాడతారు, ఆవలిస్తూ మాట్లాడతారు, నోట్లో ఏదో నములుతూ మందు మోతాదు చెబుతారు. అర్థంకాని చోట టైపిస్టు రికార్డింగ్ ఆపి, తన హెడ్‌ఫోన్ తీసి పక్కమనిషికి అందించేది.

"అక్కా, ఇక్కడేం మందు చెప్పాడో కాస్త విను."

"ఈయన నమిలే డాక్టరు కదే. ముద్ద మింగాక మళ్ళీ చెప్తాడు, కొంచెం ముందుకు జరిపి చూడు."

అలా ఒకరి చెవి ఇంకొకరికి సాయంగా ఆ పని నడిచేది. అక్క ఎడమచెవిని తెరిచి ఉంచుకోవడానికి అదొక కారణం. రెండోది, ఆ చెవికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మూసి ఉంచితే చెమట పట్టి చీము కారుతుంది. గాలి తగలనివ్వకపోతే ఆ చెవి మీద ఆశ వదులుకోవాలని వైద్యుడు చెప్పేశాడు.

మేనేజరుకు కనపడింది మాత్రం ఆడవాళ్ళు మాట్లాడుకోవడం ఒక్కటే. "ఇది ఆఫీసా, కుళాయి దగ్గర క్యూనా?" అని గది గుమ్మంలో నిలబడి గొణిగేవాడు. చివరికి బయటి చప్పుడు చెవిలో పడనివ్వని మేలురకం హెడ్‌ఫోన్లు కొనాలని నిర్ణయించాడు. వాటిని పోల్చి చూసేందుకు తన బావమరిదిని పిలిపించాడు. హెడ్‌ఫోన్ల మీద వీడియోలు చేయడమే ఆ బావమరిది వృత్తి. పొద్దున ఒకటి పెట్టుకుని ఆహా అంటాడు, సాయంత్రం ఇంకొకటి పెట్టుకుని అబ్బే అంటాడు. అందుకు కంపెనీలు అతన్ని పోషిస్తున్నాయి. ఎదుటి మనిషి మాట వినే అలవాటు తప్ప వినికిడికి సంబంధించిన విద్యలన్నీ అతనికి వచ్చు.

ఏసీ గదిలో బల్ల మీద మఖమలు సంచుల్లోంచి మూడు జతలు బయటికి వచ్చాయి. అక్క లోపలికి వెళ్ళేసరికి బావమరిది కళ్ళు మూసుకుని ఒక పాట వింటున్నాడు.

"దీని బేస్ చూడు బావా, గుండెల్లోకి దిగుతోంది. ఆ రెండోదాని శబ్దానికి వెడల్పు లేదు."

"అవునవును, వెడల్పు లేదు," అన్నాడు మేనేజరు. ఆ రెండోదాన్ని అతను ఇంకా తలకు తగిలించుకోలేదు.

"సార్, వీటిని మాకు ఒక్క పూట ఇచ్చి చూడండి. రేపు పెట్టుకునేది మేమే కదా," అంది అక్క.

బావమరిది కళ్ళు తెరిచాడు. "ఇవి సున్నితమైన వస్తువులమ్మా. మీరంతా తలకు నూనె రాసుకుంటారు."

"కొన్నాక కూడా పెట్టుకునేది ఈ తలలే కదా బాబూ."

"సుఖంలో దీనికే మొదటి మార్కు," అన్నాడు మేనేజరు, మూడోదాన్ని నొక్కి చూపిస్తూ. "దిండులా ఉంది."

"ఎంతసేపు పెట్టుకున్నారు సార్?"

"పాట మొత్తం విన్నాను."

ఆ గదిలో సుఖానికి కొలత అది. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవని మనుషుల చెవులను, పాట అయ్యేలోపే ముచ్చట తీరిపోయే ఇద్దరు మగవాళ్ళు కొలిచేశారు. ఇలాంటి వాళ్ళే కుర్చీలు ఎంచుతారు, పని గంటలు ఎంచుతారు, ఆ తర్వాత మన నడుముల్లో ఓపిక లేదని కూడా వాళ్ళే తేలుస్తారు.

అక్క చెవి సంగతి చెప్పింది. మేనేజరు తల ఎత్తలేదు. "అందరికీ ఒకటే రూలు. నీకు కుదరకపోతే చెప్పు, ఇంకొకళ్ళని చూసుకుంటాం."

మూడోరకం వచ్చింది. దాంతోపాటు గోడ మీదికి ఒక కాగితం ఎక్కింది: హెడ్‌ఫోన్ రెండు చెవులకూ పెట్టుకోవాలి. ఒకరినొకరు అడగరాదు. అర్థంకాని చోట 'వినపడలేదు' అని టైపు చేయాలి.

ఇంట్లో అక్క అత్తగారి ఒడిలో తల పెట్టుకుని చెవిలో చుక్కలు వేయించుకుంది.

"పెట్టుకోనని చెప్పు," అంది అత్తగారు.

"చెప్తే మానెయ్యమంటారు అత్తయ్యా."

"మా అబ్బాయి చూడు, చెవి తెరుచుకుని కూర్చున్నా నా మాట ఒక్కటీ వినడు. వాణ్ణి పంపాల్సింది ఆ ఉద్యోగానికి. కదలకు, చుక్క పక్కకు పోతోంది."

అక్క పంటి బిగువున ఓర్చుకుంది. మధ్యాహ్నానికే చెవిలో దూది తడిసిపోయేది. అక్క వెనక కుర్చీలో కూర్చునే కళ్ళజోడు పిల్లకు కూడా కప్పులు కళ్ళజోడును నొక్కి చెవుల వెనక పుండ్లు పడ్డాయి. ఒకరోజు చేతులు కడుక్కునే చోట ఆ పిల్ల అక్క మార్చి పారేసిన దూదిని చూసింది.

"అక్కా, రేపు రాకు."

"రేపు రాకపోతే ఎల్లుండి రమ్మనేవాళ్ళు ఉండరే."

ఆ పిల్ల తలుపులోంచి హాల్లో గోడ మీది కాగితం వైపు చూసింది. "అయితే సార్ చెప్పినట్టే చేద్దాం. అక్షరం పొల్లుపోకుండా చేద్దాం."

అప్పటిదాకా వాళ్ళు మేనేజరు అటు తిరిగినప్పుడల్లా సైగలు చేసుకుని, హెడ్‌ఫోన్లు మార్చుకుని ఎలాగో నెట్టుకొస్తున్నారు. మర్నాటి నుంచి సైగలు మానేశారు. సందేహం వచ్చిన ప్రతిచోటా రూలు పాటించారు. రోగికి వినపడలేదు అనే జబ్బుకు వినపడలేదు అనే మందు, రోజుకు వినపడలేదు సార్లు వేయాలని రిపోర్టులు వెళ్ళాయి. ఆసుపత్రులు వాటిని తిప్పి పంపాయి.

మేనేజరు హాల్లోకి వచ్చి కేకలు వేశాడు. ఒక్క తలా తిరగలేదు. హెడ్‌ఫోన్లు నిజంగానే మేలురకం. అతను వెళ్ళి అక్క బల్ల మీద కొట్టాల్సి వచ్చింది.

"ఇంత మంచి హెడ్‌ఫోన్లు ఇస్తే వినపడకపోవడమేంటి?"

"డాక్టరు గొణుగుడు చాలా స్పష్టంగా వినపడుతోంది సార్. గొణుగుడుగానే."

"మరి ఇదివరకు ఎలా చేశారు?"

"ఒకరినొకరం అడిగి చేశాం. ఇప్పుడు అడగొద్దన్నారు."

"సరే, అడగండి. ఒక చెవికే పెట్టుకోండి."

"ఆ కాగితం పీకేయండి సార్. ఉంటే ఇప్పుడన్న మాట రేపు మీరే మర్చిపోతారు."

కాగితాన్ని అతనే పీకాడు. అందరూ ఒక చెవి మీది కప్పును వెనక్కి నెట్టేశారు. అయినా అక్క చెవికి జరగాల్సింది జరిగిపోయింది. చీము ఆగుతుంది గానీ పోయినంత వినికిడి తిరిగి రాదని వైద్యుడు కాగితం మీద రాసిచ్చాడు. ఆ వారమే బావమరిది వీడియో వచ్చింది. మూడోరకానికి సుఖంలో నూటికి నూరు మార్కులు వేశాడు. ఒక ఆఫీసులో ఆడవాళ్ళు రోజంతా పెట్టుకున్నా ఎవరూ నొప్పి అనలేదని చెప్పాడు. సిగ్గులేని నాలుకకు అలుపు కూడా ఉండదు.

అక్క వైద్యుడి కాగితం తీసుకుని మేనేజరు గదికి వెళ్ళింది. చికిత్స ఆఫీసే చేయించాలని, ఆ కాగితం మీదే ఒప్పుకుంటూ సంతకం పెట్టమని అడిగింది.

"ఇది మా వల్లే అయిందని ఏంటి నమ్మకం?" అన్నాడు మేనేజరు.

అక్క కాగితాన్ని బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది. హాల్లో కుర్చీలు వెనక్కి జరిగాయి. కళ్ళజోడు పిల్ల ముందు, మిగతావాళ్ళు ఆమె వెనక, వచ్చి గుమ్మం నిండా నిలబడ్డారు. బయట ఆసుపత్రి ఫోన్ మోగుతోంది.

"ఎవరైనా ఎత్తండమ్మా దాన్ని."

ఎవరూ కదల్లేదు. ఫోన్ ఆగి మళ్ళీ మొదలైంది. మేనేజరు వాళ్ళ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, సంతకానికి పెన్ను వెతుక్కున్నాడు.