మునుస్వామి మీద నేను వేసిన నింద

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ముప్పై ఏళ్లుగా ఒక్క మాట నా గుండె మీద బండలా ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పూతలపట్టు దగ్గర రోడ్డు గేటులో నేను గుమాస్తాను. చిత్తూరు నుంచి రేణిగుంట రైలుకు బెల్లం తీసుకుపోయే లారీల్లో బస్తాలు ఎంచి చీటీ రాయడం నా పని. పాత కల్వర్టులు ఆగవని, లారీకి నలభై బస్తాలు మించరాదని సర్కారు ఉత్తర్వు. పెట్రోలేమో రేషను. ఉత్తర్వు పాటించినవాడు రెండు తడవలు తిరగాలి, మీరినవాడికి ఒక్కటే చాలు. మా బావమరిది తన లారీలో అరవై వేసేవాడు. నేను నలభై అని రాసేవాణ్ణి. అందువల్లే అతను కిరాయి తగ్గించగలిగాడు, వ్యాపారులంతా అతని వెంట పడ్డారు. సొంత లారీ తానే తోలుకునే మునుస్వామి మాత్రం నలభై దాటనిచ్చేవాడు కాదు. అతని బేరాలు తగ్గిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

వంక మీది కల్వర్టు బీటలు వారడమూ చూశాను. పై అధికారులకు రాస్తే, ఏ బరువుకు బీటలు వారిందని అడగరా? రాయలేదు. వానాకాలం ఒక ఉదయం అది మునుస్వామి లారీ కింద కూలింది. అతని కాలు నుజ్జయింది. బెల్లమంతా వరదలో కరిగిపోయింది. ఎంచి చూసుకోవడానికి ఒక్క బస్తా మిగల్లేదు.

విచారణకు వచ్చిన ఇంజనీరు నన్ను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాడు. మునుస్వామి నన్ను చూసి లేవబోయాడు.

"నువ్వే గదయ్యా ఎంచినావు. నలభయ్యేనని దొరకు చెప్పయ్యా."

"నలభై అనే రాసినాను దొరా," అన్నాను. "గేటు దాటినాక యాడన్నా ఇంకా ఎక్కించినాడేమో."

"అట్లంటావేందయ్యా?" అన్నాడు మునుస్వామి.

ఆ 'ఏమో' చాటున ఎంతకాలం దాక్కున్నానో! అబద్ధం ఆడలేదు, అనుమానమే చెప్పాను అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఉద్యోగం పోతే పిల్లల గతేమిటి అనుకున్నాను. మరి అతనికి పిల్లలు లేరా? ఉన్నారు, నాకు తెలుసు. తప్పంతా అతనిదేనని తేల్చారు. లైసెన్సు పోయింది, లారీ పోయింది.

కొన్నేళ్లకు రేణిగుంట గోదాములో గోనెసంచులు కుడుతూ కనిపించాడు. పక్కన కర్ర ఉంది. నేను స్తంభం వెనక్కి తప్పుకున్నాను. పోయిన ఏడాది చనిపోయాడని విన్నాను. ఇక క్షమించేవాడు లేడు, అడిగే హక్కూ నాకు లేదు.

మునుస్వామి దారిలో ఒక్క బస్తా కూడా ఎక్కించలేదు. ఆ కల్వర్టును విరగ్గొట్టింది మా బావమరిది లారీ, నా చీటీలు. ఈ రెండు వాక్యాలు రాశాక, చాలా ఏళ్లకు, ఊపిరి కాస్త అందినట్టుంది.