ట్యాంకులోకి దిగే మనిషి

ఆమెకు పిట్ట అని పేరు పెట్టింది మేనమామ. అమ్మ పోయాక పదకొండేళ్ళ వయసులో ఆయన ఇంటికి చేరిన రోజున, "ఇదేంటే, పిట్టంతైనా లేదు! గాలొస్తే ఎగిరిపోదూ?" అన్నాడట భార్యతో. ఆ మాట ఏ ముహూర్తాన అన్నాడో గానీ, పెళ్ళయి పిల్ల పుట్టినా ఆమె ఒళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయింది. తలుపు గొళ్ళేనికి చెయ్యి అందుతుంది, పై అరకు అందదు.

మేనమామది గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షాపు. బడి అయ్యాక ఆమె అక్కడే ఓ మూల కూర్చుని హోంవర్క్ చేసుకునేది. రోజూ చూసీ చూసీ, ఒకరోజు మాస్కు తలకి తగిలించుకుని, విరిగిన కుర్చీ కాలు ఒకటి అతికించింది. మామ తిట్టబోయి, అతుకు చూసి నోరు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళకల్లా గేట్ల పని దాటి స్టీలు పైపుల్లోకి వెళ్ళింది. సన్నటి మంటతో, గ్యాసు పెట్టి, చుక్క పక్కన చుక్క పేర్చుకుంటూ పోయే పని అది. చెయ్యి వణికిందా, మొత్తం కోసేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

ముప్ఫై నాలుగో ఏట విదేశీ ఉద్యోగానికి పరీక్ష రాసింది. రాయడమంటే పెన్నుతో కాదు. ఒక పైపును ఏటవాలుగా బిగించి, దాన్ని కదపకుండా చుట్టూ అతకమంటారు. పైభాగం నిలబడి, కింది భాగం వెల్లకిలా పడుకుని అతకాలి. తర్వాత ఆ అతుకును ముక్కలుగా కోసి వంచి చూస్తారు. పగులు కనిపిస్తే ఇంటికే. ఆ రోజు వచ్చినవాళ్ళలో ముగ్గురి ముక్కలు పగిలాయి. పరీక్షాధికారి బయటికొచ్చి, "నాలుగో నంబరు అతుకు వేసిందెవరు?" అన్నాడు. ఆమె తల మీదుగా వెనకాల ఎవరున్నారా అని వెతికాడు.

"నేనేనండి."

"నువ్వా? మీ ఆయన కోసం వచ్చావనుకున్నానమ్మా!"

వాళ్ళాయన నిజానికి బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బస్సు కండక్టరు. నోరు తెరిస్తే బస్సంతా నవ్వాల్సిందే. కబురు విని, "ఇన్నేళ్ళూ ఊరందర్నీ నేను ఎక్కించాను. ఇప్పుడు మా ఆవిడ నన్ను విమానం ఎక్కిస్తోంది" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. మేనమామ అప్పటికే చూపు ఆనక షాపు మూసేశాడు. పదకొండేళ్ళ కూతుర్ని తీసుకుని ముగ్గురూ బయల్దేరారు.

వాళ్ళు చేరిన చోట పని, పాల డెయిరీలకు స్టీలు ట్యాంకులు చేసే షెడ్డులో. కిటికీల వరసలో పైపుల బెంచీలు. అందులో మూడోది ఆమెకిచ్చారు. మంచి వెలుతురు, మంచి మెషిను. మొదటి వారం ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఎనిమిదో రోజున షెడ్డు పనులు చూసే ఫోర్‌మన్ ఆమె దగ్గరికొచ్చి జేబులోంచి టేపు తీశాడు. దర్జీలా ఆమె భుజాలు ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాడు. తర్వాత వెళ్ళి ఒక ట్యాంకు మూత తెరిచి, మనిషి దూరే కన్నం కొలిచాడు. పద్దెనిమిది అంగుళాలు. వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమె కూడా నవ్వింది. ఎందుకో తెలియక.

ఆ రోజు నుంచి ఆమె పని ట్యాంకు లోపలే. ముందు చేతులు, తర్వాత తల, తర్వాత ఒక భుజం, ఊపిరి వదిలి రెండో భుజం. లోపల నిలబడటానికి ఉండదు, కాళ్ళు చాపటానికి ఉండదు. చుట్టూ అద్దంలా మెరిసే స్టీలు. ఎటు తిరిగినా తన మాస్కే తనని చూస్తుంది. అతుకు పాడవకుండా వాడే గ్యాసు బరువైనది. అది కిందికి దిగి, ఉన్న గాలిని పైకి నెట్టేస్తుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు. అందుకే పెద్ద గొట్టంతో బయటి నుంచి గాలి కొడుతూ ఉండాలి, కన్నం దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఆమె భాషవాడే. అరవైకి దగ్గరపడ్డ ఆయన్ని బాబాయ్ అనేది. ఆయన పావుగంటకోసారి ట్యాంకు మీద రెండు దెబ్బలు కొడతాడు. ఆమె లోపల నుంచి రెండు కొట్టాలి.

"ఉన్నావామ్మా?"

"ఎక్కడికి పోతాను బాబాయ్!"

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఆ దేశంలో సొంత లైసెన్సు రావాలంటే, పైపుల మీద పదిహేను వందల గంటలు చేసినట్టు యజమాని సంతకాలున్న పుస్తకం చూపించాలి. ట్యాంకు పని లెక్కలోకి రాదు. ఆమె పుస్తకంలో ఉన్నవి నలభై ఆరు గంటలు, మొదటి వారంవి, తర్వాత ఎవరో సెలవు పెట్టిన రోజువి. లైసెన్సు లేకపోతే మరో షెడ్డువాళ్ళు చేర్చుకోరు. ఈ షెడ్డు మానేస్తే అరవై రోజుల్లో ముగ్గురూ దేశం వదలాలి. ఎటు నుంచి చూసినా గోడే.

ఫోర్‌మన్ని అడిగితే, "నీలా దూరగలిగేవాళ్ళు ఇంకొకరు దొరకనీ" అనేవాడు. ఎక్కడా వెతికేవాడు కాదు.

ఇంట్లో భర్త పరిస్థితి ఇంకో రకం. భార్య వీసా మీద వచ్చినవాడికి పని చేసే హక్కు లేదు. వంట నేర్చుకున్నాడు, బట్టలు ఉతికాడు, మిగతా పొద్దంతా రెండో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని కింద ఆగే బస్సుల్ని చూసేవాడు. "పన్నెండు మంది ఎక్కారు, ఏడుగురు దిగారు. కండక్టరే లేడు! ఏదో డబ్బాకి కార్డు చూపించి పోతున్నారు. మనిషి మొహం చూడకుండా టిక్కెట్టేంటే?" అని ఆమె రాగానే ఫిర్యాదు చేసేవాడు. మొదట్లో నవ్వేది. రెండో ఏడు వచ్చేసరికి అతను ఫిర్యాదు చెయ్యడం కూడా మానేశాడు. దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఆ సంగతి జరిగింది ఒక మంగళవారం పొద్దున, పదిన్నర ప్రాంతంలో. ట్యాంకు అడుగు భాగంలో ముడుచుకుని అతుకు వేస్తోంది. చెవుల పక్కన గాలి గొట్టం చప్పుడు ఆగిపోయినట్టు ఆలస్యంగా తెలిసింది. పావుగంట దాటినా దెబ్బలు వినపడలేదు. సుత్తి తీసి తనే రెండు కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. అప్పటికే మోకాళ్ళు తనవి కానట్టు ఉన్నాయి. ఏదో హాయిగా నిద్ర ముంచుకొస్తోంది. ఆ హాయి గాలి అందక వస్తున్నదని తట్టింది. మాస్కు విసిరేసి, కన్నం అంచు పట్టుకుని, భుజాలు గీరుకుపోతుంటే బయటపడింది. కిందపడి చేపలా నోరు తెరిచి గాలి పీల్చింది.

బాబాయ్ అటు నుంచి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో అమ్మా! లారీ వచ్చింది, రేకులు దించడానికి ఒక చెయ్యి వెయ్యమని ఫోర్‌మన్ పిలిచాడు. గొట్టం ప్లగ్గు ఎవడు పీకాడో!"

ఫోర్‌మన్ కూడా వచ్చాడు. ఆమెని పైనుంచి కిందికి చూసి, "బయటికొచ్చావుగా, ఏమీ కాలేదు. నీళ్ళు తాగి మళ్ళీ దిగు" అన్నాడు.

"దిగను" అంది.

ఆ మాట వాళ్ళ భాషలో ఆమెకు బాగా వచ్చిన కొద్ది మాటల్లో ఒకటి. అంతకుముందెప్పుడూ వాడలేదు.

"దిగకపోతే ఇంటికి పో."

ఏ ఇంటికో ఆమెకు అర్థం కాలేదు. రెండో అంతస్తు గదికా, సముద్రం అవతలికా? అడగలేదు. చేతి తొడుగులు విప్పి భోజనాల గదిలో బల్ల మీద కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది.

మధ్యలో బాబాయ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె మొహం చూడలేదు. "ఫోర్‌మన్ కాగితం పెట్టాడమ్మా నా ముందు. నేను కన్నం దగ్గరే ఉన్నానని రాసుంది. సంతకం పెట్టేశాను. ఇంకో నాలుగు నెలలైతే మన ఊరు వెళ్ళిపోతాను. ఈ నాలుగు నెలలు..." అని ఆగిపోయాడు.

ఆమెకు కోపం రావాలి. రాలేదు. తను ఆయన చోట ఉన్నా అంతే చేసేదేమో. "పోనీలే బాబాయ్" అంది. ఆయన లేచి వెళ్ళాక మాత్రం ఏడ్చింది. ఆ కాగితం ఉండగా ఎక్కడ చెప్పుకున్నా తన మాట నిలవదని తెలిసి ఏడ్చింది.

ఇంటికి వెళ్ళి చెప్తే భర్త గరిటె పట్టుకునే నిలబడిపోయాడు. "ఒక్క మాట సారీ అనేస్తే పోదా? నీ పౌరుషానికి మనం ముగ్గురం రోడ్డున పడాలా?"

"పౌరుషం కాదయ్యా. లోపల చచ్చిపోయేదాన్ని."

అతను గరిటె పక్కన పెట్టాడు. తర్వాత, "ఆ ముక్క ముందు చెప్పొద్దా?" అన్నాడు నెమ్మదిగా. చెప్పలేదని కాదు, అతనికి అప్పుడు వినపడింది.

కూతురు గదిలోంచి ఉద్యోగపు ఒప్పందం కాగితాలు తెచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. ఆ భాష దానికి నాలిక మీద ఆడుతోంది. వేలు పెట్టి చదివింది. "పైపు వెల్డరుగా, మరియు ఇతర సంబంధిత పనులకు అని రాశారమ్మా. ఆ చివరి రెండు ముక్కల్లోనే నిన్ను ట్యాంకులో పెట్టారు." తలెత్తి, "నువ్వు మానేస్తే మనం వెళ్ళిపోవాలా?" అంది.

"వెళ్ళాల్సొస్తే?"

పిల్ల కాగితాలు మడిచి అంచులు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది. ఇక్కడ దానికి ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ పకపకా నవ్వదు. అది తల్లికి తెలుసు.

బుధవారం, గురువారం కూడా పిట్ట బల్ల మీదే కూర్చుంది. వెళ్ళకపోతే మానేసిందని రాసుకుంటారు కాబట్టి వెళ్ళేది. వెళ్తే ట్యాంకు తప్ప వేరే పని ఇవ్వరు. మిగతా వెల్డర్లు టీ తాగడానికి వచ్చి, ఆమె పక్కన కాకుండా అవతలి బల్ల మీద కూర్చునేవారు. కిటికీలోంచి తన పాత బెంచీ కనిపించేది. దాని మీద ఎవరో ఖాళీ డబ్బాలు పేర్చారు.

శుక్రవారం పొద్దున షెడ్డులోంచి పెద్ద గోల వినిపించింది. పంపాల్సిన ట్యాంకులు రెండు మిగిలిపోయాయి. ఫోర్‌మన్ అందరిలోకీ బక్కగా ఉన్న ఒక పొడుగాటి వెల్డర్ని దించబోయాడు. తల వెళ్ళింది, ఒక భుజం వెళ్ళింది. అక్కడ ఇరుక్కున్నాడు. ముందుకు పోడు, వెనక్కి రాడు. కాళ్ళు బయట తన్నుకుంటున్నాయి. సబ్బు నీళ్ళు పోసి, నలుగురు పట్టి లాగితే, చొక్కా లోపల వదిలేసి మనిషి బయటికొచ్చాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

పది నిమిషాలకి ఫోర్‌మన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె అతన్ని మాట్లాడనివ్వలేదు. రాత్రంతా కూతురు దగ్గర నేర్చుకున్న వాక్యాలు ఒకదాని వెనక ఒకటి అప్పజెప్పింది. నేను లోపలున్నంతసేపూ బయటి మనిషి కదలకూడదు, అతని పేరు బోర్డు మీద రాయాలి. గాలి గొట్టం ప్లగ్గుకి తాళం వెయ్యాలి, తాళంచెవి నా దగ్గరుండాలి. వారంలో రెండు రోజులు పైపుల బెంచీ ఇవ్వాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి.

"ఒక రోజు" అన్నాడు.

"రెండు."

"ఒక రోజు. లేకపోతే ఇద్దరం యజమాని దగ్గరికి వెళ్దాం. నా దగ్గర సంతకం చేసిన కాగితముంది."

ఆమె కళ్ళ ముందు కాగితం అంచులు సరిచేస్తున్న చిన్న చేతులు మెదిలాయి. "సరే" అంది. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే, అతను మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది.

మధ్యాహ్నం ట్యాంకులోకి దిగింది. బోర్డు మీద బాబాయ్ పేరు రాసుంది. ఆయన ఆ పూట టీకి కూడా కదల్లేదు.

బెంచీకి గురువారాలు ఇచ్చారు. మొదటి గురువారం బెంచీ మీది ఖాళీ డబ్బాలు తనే తీసి కింద పెట్టుకుంది. పైపు బిగించి, మాస్కు దించి, మొదలుపెట్టింది. అతుకు సగం తిరిగాక చూసుకుంటే వంకరగా ఉంది. రెండేళ్ళుగా ముడుచుకుని పనిచేసి, మోచెయ్యి బారుగా చాపితే వణుకుతోంది. కోసేసింది. రెండోదీ కోసేసింది. మూడోదానికి బెంచీ వదిలి, గోడకి వీపు ఆనించి, చేతులు వేలాడేసి కాసేపు నిలబడింది. పక్క బెంచీ అతను చూడనట్టు నటించాడు. సాయంత్రానికి ఒకే ఒక్క అతుకు నిలిచింది. ఫోర్‌మన్ దాన్ని చూడకుండానే పుస్తకంలో ఎనిమిది గంటలని రాసి సంతకం పెట్టాడు.

కూతురు లెక్కేసింది. వారానికి ఎనిమిది చొప్పున మూడున్నరేళ్ళు, సెలవులు కాకుండా. "అప్పటికి నాకు పదిహేడు వచ్చేస్తాయమ్మా" అంది.

"మరి నాకు నలభై రావూ?" అన్నాడు తండ్రి. అతనికి అప్పటికే నలభై మూడు.

పిల్ల నవ్వింది. పిట్ట భోజనం చేస్తూ కుడి మోచెయ్యిని ఎడంచేత్తో నొక్కుకుంటోంది. మర్నాడు శుక్రవారం. కొత్త ట్యాంకు వచ్చిందట, అంతకుముందువాటికన్నా పొడుగుదని బాబాయ్ చెప్పాడు. కన్నం మాత్రం అంతే.